మిగులు లోటు

భీమిలి రోడ్డు మీద, సముద్రం కనిపించేంత ఎత్తులో, గ్రామ సమన్వయ శిక్షణ సంస్థ అని ఒకటి ఉండేది. ఊళ్లలో పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలని విడతలవారీగా అక్కడికి పిలిచి, హాస్టల్లో ఉంచి, శిక్షణ ఇచ్చేవారు. ఆ సంస్థ మెస్సుకి సూపరింటెండెంటు దాక్షాయణి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, కొన్నేళ్లు పెద్ద హోటల్లో కేకులూ బ్రెడ్డులూ చేసి, పెళ్లయ్యాక వేళకి ఇంటికి వెళ్లొచ్చు కదా అని ఈ ఉద్యోగంలో చేరింది. చేరిన కొత్తలో పట్టుబట్టి ఒక పెద్ద ఓవెన్ తెప్పించింది. అందులో చేయడానికి ఏమీ లేక, వంటమనిషి సింహాచలం దాంట్లో ఉల్లిపాయలు పోసుకునేవాడు.

అలాంటి చోటికి విరూపాక్షం గారు డైరెక్టరుగా వచ్చారు. వచ్చేముందు ఆయన ఎక్కడో వృథా నివారణ మీద సదస్సుకి వెళ్లొచ్చారు. ఆ సదస్సులో ఆయన ఆత్మ ఒక్కసారిగా మేలుకుంది. అందరు డైరెక్టర్లూ మొదటి రోజు తమ గది చూసుకుంటారు. ఈయన తిన్నగా వంటింటి వెనక్కి వెళ్లి చెత్తబుట్టలోకి తొంగిచూశారు.

అందులో రెండు క్రీమ్ బన్నులు, కొబ్బరి కూరిన దిల్‌పసంద్ సగం ముక్క, నల్లబడ్డ అరటిపళ్లు కనిపించాయి.

తప్పు ఎవరిదీ కాదు. సంస్థలో సమావేశం జరిగితే మంజూరైన సిబ్బంది సంఖ్యని బట్టి బేకరీకి ఆర్డరు వెళ్తుంది. మంజూరైనవాళ్లలో సగం మంది ఉండరు. ఉన్నవాళ్లలో సగం మందికి షుగరు. అందుకని ప్రతి సమావేశం తర్వాతా ఒక పళ్లెం నిండా కూల్ కేకులూ, జామ్ రోల్సూ, బన్నులూ, పక్కన ఎవరూ ముట్టని ఆపిల్ ముక్కలూ మిగిలిపోయేవి.

మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ వచ్చింది. "సంస్థయందు జరుగు సమావేశములలో మిగిలిన మధుర పదార్థములును, ఫలములును ఎట్టి పరిస్థితులలోను చెత్తబుట్టకు చేరరాదు. అవి మరునాటి ఉదయపు అల్పాహారముగా విధిగా రూపాంతరము చెందవలెను."

"రూపాంతరం అంటే ఏటి మేడమ్?" అన్నాడు సింహాచలం.

"వేషం మార్చాలి," అంది దాక్షాయణి. అని, ఓవెన్లోంచి ఉల్లిపాయలు తీసేయమంది.

నిజానికి ఆమెకి లోలోపల సంతోషంగానే ఉంది. ఆ సాయంత్రమే మిగిలిన బన్నులూ, కేకులూ చేత్తో తుంపి వెన్న రాసిన ట్రేలో పరిచింది. మధ్యమధ్యలో ఆపిల్ ముక్కలు, మాగిన అరటిపండు చక్రాలు, కొంచెం బొప్పాయి, గుప్పెడు కిస్‌మిస్ వేసింది. పాలల్లో గుడ్లు గిలక్కొట్టి, కేకుల్లో ఉన్నది చాలు కనక పంచదార తగ్గించి, ఏలకుల పొడి కలిపి దానిమీద పోసింది. అన్నీ మునిగేలా అరచేత్తో అదిమి ఫ్రిజ్‌లో పెట్టింది. గుడ్డు తిననివాళ్ల కోసం కేకుల్లేకుండా ఒట్టి బన్నులతో, కస్టర్డ్ పొడి కలిపిన పాలతో ఇంకో ట్రే. పొద్దున వచ్చి ఓవెన్లో పెట్టేసరికి ఆ వాసన హాస్టల్ మెట్లెక్కి, ఇంకా తల దువ్వుకుంటున్నవాళ్లని జడలు అల్లకుండానే కిందికి దింపింది.

పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల పాలకోవాలా మెత్తగా, పంటికింద వెచ్చటి ఆపిల్ ముక్క తగులుతూ ఉంది.

సింహాచలం ఒక ముక్క నోట్లో వేసుకుని ఆలోచించాడు. "తియ్యటి దిబ్బరొట్టె మేడమ్ ఇది," అని తేల్చాడు. శిక్షణకి వచ్చినవాళ్లు కూడా అదే పేరుతో పిలిచారు. పాడేరు వైపునుంచి చంటిబిడ్డతో, బిడ్డని చూసుకోవడానికి తల్లితో సహా వచ్చిన గంగులమ్మ రెండోసారి పళ్లెం పట్టుకొచ్చి, "ఇది రోజూ పెడతారా అమ్మా?" అని అడిగింది.

"మిగిలితే పెడతాను," అంది దాక్షాయణి నవ్వుతూ.

ఆ మాట డైరెక్టరు గారు విన్నారు. ఆయన కూడా అప్పుడే ఒక ముక్క తిని, కళ్లు మూసుకుని, తెరిచి, చేతిలో చెంచా పట్టుకునే చిన్న ప్రసంగం చేశారు. "దాక్షాయణీ, ఇది వంటకం కాదు. ఇది ఒక నమూనా. దీనికి దిబ్బరొట్టె అని పేరు పెడితే రాజధానిలో ఎవరూ పట్టించుకోరు."

మర్నాటికి దానికి 'ప్రాతఃకాల పునర్వినియోగ మధుర ఫలభోజ్యం' అని నామకరణం జరిగింది. అంత పొడుగు పేరు బోర్డు మీద పట్టక ప్రా.పు.మ.ఫ. అని రాశారు. వచ్చే నెల కమిషనరు మేడమ్ స్వయంగా వచ్చి దీన్ని పరిశీలిస్తారని, అప్పటిదాకా ప్రతి ఉదయం ప్రతి శిక్షణార్థి పళ్లెంలోనూ ప్రా.పు.మ.ఫ. ఉండి తీరాలని, ఫొటోలు పంపాలని ఉత్తర్వులొచ్చాయి.

చిక్కు ఆ వారంలోనే వచ్చింది. వృథా నివారణలో భాగంగా బేకరీ ఆర్డరు సగానికి తగ్గించమని డైరెక్టరు గారే ఇంకో సర్క్యులర్ ఇచ్చి ఉన్నారు. ఆర్డరు తగ్గింది. తగ్గినదాన్ని జనం తినేశారు. ఏమీ మిగల్లేదు. చెత్తబుట్ట అద్దంలా మెరుస్తోంది.

దాక్షాయణి సంతోషంగా ఈ సంగతి చెప్పడానికి వెళ్లింది. "సార్, వృథా పూర్తిగా ఆగిపోయింది. రేపటినుంచి మామూలుగా ఉప్మా పెట్టేస్తాను."

విరూపాక్షం గారి ముఖం పాలిపోయింది. "ఆగిపోవడమేమిటి? మరి కమిషనరు గారికి ఏం చూపిస్తాం?"

"చెత్తబుట్ట చూపించొచ్చు సార్. ఖాళీగా ఉంది."

"ఖాళీ బుట్ట ఎవరైనా చూపిస్తారమ్మా. మన సాధన వినియోగంలో ఉంది. వినియోగించాలంటే మిగలాలి." ఆయన కాసేపు కిటికీలోంచి సముద్రం చూశారు. "దీన్ని మిగులు లోటు అంటారు. వెంటనే అత్యవసర సమావేశం పెట్టండి."

మిగులు లోటు మీద అత్యవసర సమావేశం జరిగింది. అందులో పేస్ట్రీలు వడ్డించారు. చర్చ చాలాసేపు సాగడంతో అందరికీ ఆకలేసి, షుగరున్నవాళ్లతో సహా మొత్తం తినేశారు. లోటు ఇంకా పెరిగింది.

అప్పుడు దాక్షాయణి నెమ్మదిగా ఒక ఉపాయం చెప్పింది. "సార్, ఈ ఒక్క నెలకి బేకరీనుంచి తాజావే తెప్పించి చేసేస్తాను. రుచి ఇంకా బాగుంటుంది."

అకౌంట్స్ ఆఫీసరు సోమయాజులు గారు కుర్చీలో ముందుకి జరిగారు. ఆయన నిబంధన లేని మాట మాట్లాడి ఎరగరు. "తాజా పదార్థమును మిగులు పద్దు కింద వాడుట కుదరదు. ఆడిట్ వారు అడుగుదురు. మిగులు అనునది పుట్టుకతో రాదు. ఆ హోదాను పదార్థము సంపాదించుకొనవలెను."

"ఎలా సంపాదించుకోవాలండీ?"

ఆయన అప్పటికప్పుడు నిర్వచనం చెప్పారు. "సమావేశమునందు వడ్డింపబడి, ఎవరిచేతను భుజింపబడక, సమావేశము ముగియువరకు నిలిచియున్నది మిగులు."

డైరెక్టరు గారు బల్ల మీద చెయ్యి వేశారు. "అయితే దారి దొరికినట్టే. ఆర్డరు పెంచండి. సమావేశాలు పెంచండి. తినడం ఆపండి."

అక్కడినుంచి సంస్థ కళ మారిపోయింది. పేస్ట్రీల పెట్టెలు ఆటోల్లో వస్తున్నాయి. పొద్దున ఒక సమావేశం, మధ్యాహ్నం ఒకటి. సిబ్బంది చాలక, శిక్షణకి వచ్చినవాళ్లని తరగతులు మానిపించి సమావేశాల్లో కూర్చోబెట్టారు. మాట్లాడ్డానికి విషయం దొరక్క, 'సమన్వయంలో సమన్వయం' అనే అంశం ఇచ్చారు. ప్రతివాళ్ల ముందూ ఒక పళ్లెం. అందులో ఒక క్రీమ్ బన్ను, ఒక కేకు ముక్క, ఒక అరటిపండు. గోడ మీద "దయచేసి భుజించరాదు. ఇది రేపటి అల్పాహారం" అని నోటీసు. కాగితాల్లో అందరికీ పేస్ట్రీలు వడ్డించినట్టే కాబట్టి సాయంత్రం టీతో ఇచ్చే పకోడీలు రద్దయ్యాయి.

దాక్షాయణికి మొదట్లో నవ్వొచ్చింది. ఇంటికెళ్లి భర్తకి చెబితే ఆయనా నవ్వాడు. తర్వాత తర్వాత నవ్వు తగ్గింది. మధ్యాహ్నం భోజనం పెందలాడే అయిపోతుంది. రాత్రి భోజనం దాకా మధ్యలో ఏమీ లేదు. సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లంతా నీరసంగా, ఎదురుగా ఉన్న పళ్లేన్ని చూడకుండా ఉండటానికి ఫ్యానువైపు చూస్తూ కూర్చుంటున్నారు. పేస్ట్రీల మీద ఈగలు వాలకుండా విసరడానికి ఒక మనిషిని నియమించారు గానీ, మనుషుల సంగతి ఎవరికీ తట్టలేదు.

"సార్, కనీసం అరటిపండైనా తిననిద్దాం," అని ఒకసారి అడిగి చూసింది.

"ఫలభోజ్యంలో ఫలం లేకపోతే ఎలాగమ్మా?" అన్నారు ఆయన. కోపంగా కూడా కాదు, జాలిగా అన్నారు.

ఒక సాయంత్రం ఆ సంగతి జరిగింది. సమన్వయంలో సమన్వయం మీద డైరెక్టరు గారు మాట్లాడుతున్నారు. మూడో వరసలో కూర్చున్న గంగులమ్మ తన ముందున్న క్రీమ్ బన్ను తీసుకుంది. దాచుకుని కాదు, తల దించుకునీ కాదు. ఇంట్లో గుమ్మంలో కూర్చుని తిన్నట్టు, మామూలుగా, మొత్తం తినేసింది. తర్వాత అరటిపండు ఒలిచింది.

ఈగలు విసిరే అతను విసరడం ఆపేశాడు.

మర్నాడే విచారణ. అభియోగం సోమయాజులు గారు చదివారు. "మిగలబోవు పదార్థమును మిగలకుండ చేయుట. తద్వారా సంస్థ లక్ష్యమునకు భంగము కలిగించుట." నేరం రుజువైతే శిక్షణ పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వరు. సర్టిఫికెట్ లేకపోతే ఊళ్లో ఉద్యోగం ఖాయం కాదు. గంగులమ్మ బిడ్డని తల్లి చేతికిచ్చి వచ్చి, చీర కొంగు భుజం మీదికి లాక్కుని నిలబడింది. దాక్షాయణిని సాక్షిగా పిలిచారు.

"ఎందుకు తిన్నావమ్మా?" అని అడిగారు డైరెక్టరు గారు.

"ఆకలేసింది సార్."

సోమయాజులు గారు తల ఎత్తారు. "ఆకలి అను కారణమునకు నిబంధనలలో చోటు లేదు. వేరే ఏదైనా చెప్పు."

"బిడ్డకి పాలు చాలట్లేదు సార్. పాలిచ్చే తల్లి గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉండకూడదని మేమే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి చెప్తాం. నిన్న సాయంత్రం ఇక్కడ ఉండాల్సిన పాఠం కూడా అదే. మీటింగుందని తీసేశారు."

డైరెక్టరు గారు ఇబ్బందిగా కదిలారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయనకీ పిల్లలున్నారు. కానీ కమిషనరు రావడానికి వారం కూడా లేదు. "నీ బాధ అర్థమైంది. అయినా మిగులును ముట్టుకోవడం..."

దాక్షాయణికి పెద్ద ఉపన్యాసమే ఇవ్వాలనిపించింది. ఈ వంట మొదలుపెట్టింది తనే. వెన్న రాసిన ట్రేలోంచి ఈ ఆడమనిషి ఈ గదిలో నిలబడే దాకా దారి ఎలా వచ్చిందో ఆమెకి అంతుపట్టలేదు. కానీ ఈ గదిలో జాలి పనిచేయదని ఆమెకి తెలుసు. పనిచేసేది ఒక్కటే.

"సార్, సోమయాజులు గారిని ఒకటి అడగొచ్చా?" అంది.

"అడగండి."

"మిగులు అంటే సమావేశం ముగిసేదాకా ఉన్నది అన్నారు కదండీ?"

"అంటిని. ఇప్పటికిని అందును."

"ఈమె తిన్నప్పుడు సమావేశం ముగిసిందా?"

సోమయాజులు గారు కళ్లజోడు తీశారు. చాలాసేపు తుడిచారు. "ముగియలేదు," అన్నారు చివరికి. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు సొంత మనిషి పోయినట్టుంది. "డైరెక్టరు గారు ఇంకను మాటలాడుచునే యున్నారు."

"అయితే ఆ బన్ను ఇంకా మిగులు కాలేదు. వడ్డించిన టిఫిను. వడ్డించినది తినడం తప్పని ఏ నిబంధనలోనైనా ఉందా అండీ?"

లేదు. ఎక్కడా లేదు. గోడ మీద నోటీసు ఉంది గానీ, అందులో 'దయచేసి' అని ఉంది కాబట్టి అది విన్నపమే తప్ప నిబంధన కాదని సోమయాజులు గారే ఒప్పుకున్నారు. నిబంధన విషయంలో ఆయన తన పక్షం, పరపక్షం చూసుకునే మనిషి కాదు. అభియోగం కొట్టేశారు. గంగులమ్మ దండం పెట్టి బయటికి వెళ్లిపోయింది.

డైరెక్టరు గారు మాత్రం తల పట్టుకున్నారు. "ఈ లెక్కన రేపు అందరూ తినేస్తారు. సమావేశం ముగిసేలోపల తింటే మిగలదు. ముగిశాక గానీ ఆపే హక్కు మనకి లేదు. మరెలాగయ్యా?"

సోమయాజులు గారు లేచి నిలబడి, గదిలో అటూ ఇటూ నడిచారు. ఆయన ముఖంలోకి మెల్లగా వెలుగు వచ్చింది. "సమావేశము ముగిసిన పిదపనే ప్రారంభింతుము," అన్నారు.

"అంటే?"

"మొదట వందన సమర్పణ. దానితో సమావేశము ముగిసినది. వడ్డింపబడిన పదార్థము తత్‌క్షణమే మిగులగును. దానిని ముట్టు అధికారము ఎవరికిని ఉండదు."

విరూపాక్షం గారు ఆయన్ని కౌగలించుకున్నంత పని చేశారు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ హాల్లోకి వచ్చారు. పళ్లేలు పెట్టారు. సోమయాజులు గారు లేచి, విచ్చేసిన పెద్దలకీ, ఓపిగ్గా విన్న సభికులకీ ధన్యవాదాలు చెప్పారు. ఎవరూ ఇంకా ఏమీ వినలేదు. డైరెక్టరు గారు "సమావేశం ముగిసింది" అని ప్రకటించి, సమన్వయంలో సమన్వయం మీద మాట్లాడ్డానికి గొంతు సవరించుకున్నారు.

దాక్షాయణి వెనక వరసలోంచి లేచింది. "ముగిసిందంట. పదండి," అంది ఆడవాళ్లతో. "సమావేశం లేనప్పుడు తరగతులుంటాయి. రూలు అదే కదా అండీ?"

"అదే," అన్నారు సోమయాజులు గారు.

కుర్చీలు చప్పుడు చేశాయి. హాలు ఖాళీ అయింది. విరూపాక్షం గారు ఖాళీ కుర్చీలనీ, వాటి ముందు ఒక్కటి కూడా తగ్గకుండా బారులు తీరి ఉన్న క్రీమ్ బన్నులనీ చూశారు. ఇంత మిగులు ఆయన జీవితంలో చూడలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ రోజునుంచి సమావేశం రోజూ వందన సమర్పణతో మొదలై దానితోనే ముగిసేది. మనుషులు తరగతులకి వెళ్లేవారు. పేస్ట్రీలు వంటింటికి వెళ్లేవి. టీ వేళకి సమావేశం ఉండటం లేదు కాబట్టి టీతో పకోడీలు పెట్టవచ్చా అని దాక్షాయణి రాతపూర్వకంగా అడిగితే, సోమయాజులు గారు పెట్టవచ్చుననే తేల్చారు.

కమిషనరు మేడమ్ వచ్చారు. ప్రా.పు.మ.ఫ. రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. "మిగిలినవాటితో ఇంత రుచి ఎలా వచ్చింది?" అని ఆశ్చర్యపోయారు. అవి ఎంత తాజాగా మిగిలాయో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రాష్ట్రంలో ప్రతి శిక్షణ సంస్థా ఇలాగే మిగుల్చుకోవాలని అక్కడికక్కడే ఆదేశించారు. నెల తిరక్కుండా విరూపాక్షం గారు మిగులు అభివృద్ధి విభాగానికి ప్రత్యేకాధికారిగా రాజధానికి వెళ్లిపోయారు. వెళ్లేముందు అందరికీ వీడ్కోలు సమావేశం పెట్టారు. అలవాటు కొద్దీ వందన సమర్పణ ముందే చేసేయడంతో, ఆయన గురించి ఎవరూ నాలుగు మంచి మాటలు చెప్పే వీలు లేకపోయింది.

డైరెక్టరు గారు ఇంకా వెళ్లకముందే, శిక్షణ ముగిసిన రోజు పొద్దున గంగులమ్మ సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని, బిడ్డని ఎత్తుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. ట్రేలో ఆఖరి ముక్కలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"అమ్మా, ఆ తియ్యటి దిబ్బరొట్టె ఎలా చేస్తారో చెప్పరా? ఊళ్లో పిల్లలకి చేసి పెడతాను."

దాక్షాయణికి ముచ్చటేసింది. స్టూలు లాగి కూర్చోబెట్టింది. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో, మూత మీద నిప్పులేసి చేసుకోవచ్చని చెప్పింది. పాలు ఎన్ని పోయాలి, గుడ్లు ఎంత గిలక్కొట్టాలి, పనసపండు దొరికే రోజుల్లో తొనలు ఎలా వేసుకోవచ్చు, అన్నీ వివరంగా చెప్పింది. గంగులమ్మ శ్రద్ధగా విన్నది.

"ముందు మాత్రం మిగిలిన బన్నులు, కేకులు ఉండాలి," అంది దాక్షాయణి. "రెండు రోజులు ఇంట్లో మిగిలిపోయినవైతే పాలు బాగా పీల్చుకుంటాయి."

గంగులమ్మ బిడ్డని ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకుంది. "మా ఇంట్లో బన్ను రెండు రోజులు ఎందుకుంటుందమ్మా?" అంది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలీక అడిగింది.

దాక్షాయణి బిడ్డ బుగ్గ నిమిరింది. "పోనీ, కొత్తవే కొని చెయ్యి. అవీ బాగానే ఉంటాయి," అంది.

"కొత్తవి ఉంటే తినేస్తాం కదమ్మా. మళ్లీ వండటం దేనికి?"

సింహాచలం పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. దాక్షాయణి కూడా నవ్వేసింది. లేచి, ఆ పొద్దున వందన సమర్పణ ఇంకా జరగని పెట్టెలోంచి నాలుగు క్రీమ్ బన్నులు తీసి, కాగితంలో చుట్టి, బస్సులో తినమని గంగులమ్మ చేతిలో పెట్టింది.

గంగులమ్మ బస్సు దాకా ఆగలేదు. ఒకటి తీసుకుని, గేటు దాటకముందే కొరికింది.